మిర్చి రైలెక్కిందని అబ్బాయిని ఎంబీఏ ఎక్కించాలా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటుని. చిన్న కొట్టు. బంగ్లాదేశ్‌కి రైళ్లు, కొత్త లైన్లు అంటున్నారు. ఇక పెద్ద ఎగుమతిదారులు కల్లాల దగ్గరే కొనేసి నేరుగా రైలెక్కిస్తారని, మాలాంటి కొట్లు మూతేనని యార్డులో చెప్పుకుంటున్నారు. మా అబ్బాయి బీకామ్ ఆఖరి ఏడాది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ లాజిస్టిక్స్ సీటు ఇస్తామన్నారు. రెండేళ్లకి 14 లక్షలు. కొంత కట్టాను, మిగతాది పొలం తాకట్టు పెట్టి తెస్తాను. ఎంబీఏ మంచిదా, ఎక్స్‌పోర్ట్ డిప్లొమా మంచిదా, లేక కొట్లోనే కూర్చోబెట్టమంటారా? పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చే చెప్తాను. కానీ అంతకన్నా ముందు మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. ఇదే ప్రశ్న టమాటా మండీ నడిపేవాళ్లు, పత్తి వ్యాపారులు, నిమ్మకాయల షాపులవాళ్లు నన్ను ఎన్నోసార్లు అడిగారు. సరుకు మారుతుంది. రైలు ఉండే చోట ఒకసారి యాప్ ఉంటుంది, ఒకసారి సూపర్‌మార్కెట్ ఉంటుంది. ఎవరడిగినా లోపల ఉన్న దిగులు ఒకటే: నన్ను ఇన్నాళ్లు నిలబెట్టిన పని నా కొడుకు దాకా ఉంటుందా? ఉంటుందండీ. ఇప్పుడు మీరు చేస్తున్న పద్ధతిలోనే ఉంటుందా అంటే మాత్రం, ఉండదు. ఆ తేడా అర్థమైతే కోర్సు సంగతి సగం తేలిపోతుంది.

ముందు ఆ రైలేమిటో చూద్దాం. 2020 లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోయినప్పుడు రైల్వేవాళ్లే రైతుల్ని, వ్యాపారుల్ని కలిసి బంగ్లాదేశ్‌కి వెళ్లే మిర్చిని గూడ్సులో పంపమన్నారు. గూడ్సు అంటే ఒక్కో ట్రిప్పుకి 1,500 టన్నులకు పైనే పోగెయ్యాలి. మీ లెక్కలో చెప్పాలంటే సుమారు 35 వేల టిక్కీలు (మిర్చి బస్తాలు). ఒకేసారి, ఒకే చోటికి అంత సరుకు లేపగలిగినవాళ్లు యార్డులో ఎందరున్నారో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ ఇబ్బంది చూసే, అదే ఏడాది జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కి 16 వ్యాన్లతో ప్రత్యేక పార్సిల్ రైలు నడిపారు. దానికి 500 టన్నుల లోపు సరుకైనా సరిపోయేది. ఒక్కో వ్యానులో 466 టిక్కీలు, అంటే దాదాపు 20 టన్నులు. లారీలో టన్నుకి దాదాపు 7,000 రూపాయలు అయ్యేది, ఇందులో 4,608 అయింది.

టన్నుకి 2,392 మిగిలిందంటే క్వింటాకి 239 రూపాయలు. చిన్న మొత్తమేమీ కాదు. అలాగని అది కొట్లు మూయించేంతా కాదు. కాయ కొంచెం తేమగా ఉందనో, రంగు తగ్గిందనో, తాలు కలిసిందనో మీ కళ్ల ముందే క్వింటాకి అంతకు రెండింతలు కోసేవాళ్లున్నారు. మచ్చు చేతిలోకి తీసుకుని కాయ విరిచి, గింజ చూసి, ఇది నిన్నటి కోతా, కోల్డ్ స్టోరేజీలో ఏడాది నిద్రపోయి వచ్చిన సరుకా అని చెప్పేయగల చూపు ఏ రైలుకీ లేదు. ఢాకాలో కూర్చున్న కొనుగోలుదారుకి ఆ చూపు ఇక్కడ ఎవరో ఒకరి దగ్గర కావాలి. అది మీకుంది. మీ అబ్బాయికి ఉందో లేదో మీరు రాయలేదు.

ఈ లెక్కలన్నిట్లో నన్ను ఆపింది ఆ 466 టిక్కీల లెక్క. 35 వేల టిక్కీలంటే మీ తరం కాదు. 466 అంటే మీ పక్క కొట్టాయన, మీరు కలిస్తే ఒక పూటలో తేల్చేసే పని. బండి చిన్న ముక్కలుగా అమ్ముడైతే చిన్న వ్యాపారికి చోటుంటుంది, మొత్తం బండి నింపితేనే కదులుతుందంటే ఉండదు. అందుకే "రైలొచ్చింది, అయిపోయాం" అన్నవాళ్లని అది ఏ రైలో, కనీసం ఎంత సరుకు అడుగుతోందో చెప్పమనండి. చాలామందికి తెలియదు.

అసలు దెబ్బ ఎటు నుంచి తగులుతుందో చూడాలంటే లావోస్ వైపు చూడండి. 2021 డిసెంబరు 3న చైనాలోని కున్‌మింగ్ నుంచి లావోస్ రాజధాని వియంటియాన్ దాకా 1,035 కిలోమీటర్ల లైను మొదలైంది. థాయ్‌లాండ్ దురియన్ పండ్లకి అది వరంలా కనిపించింది. మిర్చిలా ఆర్నెల్లు కోల్డ్ స్టోరేజీలో పడి ఉండే సరుకు కాదు కదా, ప్రతి గంటా డబ్బే. అక్కడా చిక్కులున్నాయి. థాయ్ పట్టాలు మీటర్ గేజ్, చైనా కట్టినవి స్టాండర్డ్ గేజ్, కాబట్టి వియంటియాన్ దగ్గర కంటెయినర్లు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చాల్సిందే. తోట, ప్యాకింగ్ షెడ్డు రెండూ చైనా కస్టమ్స్ దగ్గర నమోదై లేకపోతే పండు సరిహద్దు దాటదు. ఇవన్నీ ఎలాగో గట్టెక్కేవే. స్థానిక వ్యాపారిని నిజంగా కుంగదీసింది వేరే. పండు అటు వెళ్తుంటే కొనేవాడు ఇటు వచ్చాడు. థాయ్‌లాండ్‌లో దురియన్ పండే చాంతబురి లాంటి చోట్ల ప్యాకింగ్ షెడ్లు చాలావరకు చైనా పెట్టుబడితో నడిచేవే. తోటల్ని పూతలోనే మాట్లాడేసుకుంటారు. అక్కడి చిన్న వ్యాపారుల్లో కొందరు ఆ షెడ్లకి పండు పోగేసిచ్చే మనుషులయ్యారు. ఇది రైలుకి ముందే మొదలైంది, రైలు దాన్ని ఇంకాస్త సులువు చేసింది. పైగా ఏ బండీ ఖాళీగా తిరిగిరాదు. 2003లో చైనా, థాయ్‌లాండ్ పండ్లు, కూరగాయల మీద సుంకాలు ఎత్తేసుకున్నాక ఉత్తర థాయ్‌లాండ్ వెల్లుల్లి రైతులు చైనా వెల్లుల్లి ధర ముందు నిలవలేకపోయారు. అలాంటి సరుక్కి ఇప్పుడు పట్టాలు కూడా వచ్చాయి.

కాబట్టి మీరు భయపడాల్సింది కొనేవాడి పేరు, ఫోన్ నంబరు, అతనికి కావలసిన కాగితం మీ దగ్గర లేకపోవడం గురించి. ఇన్నేళ్లలో మీ సరుకు ఎన్నిసార్లు దేశం దాటి ఉంటుంది? ఎవరికి చేరిందో ఒక్కసారైనా కనుక్కున్నారా? ఎగుమతిదారుడి గుమాస్తాకి కాటా చీటీ ఇచ్చి కమీషన్ తీసుకుని ఇంటికెళ్లారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు, యార్డు పద్ధతే అది. మీ అబ్బాయి చదవాల్సినదేదైనా ఉంటే, మీరు వదిలేసిన ఆ సగమే.

మరో మాట. సరిహద్దు దాటే బండి ఆగడానికి పట్టాలు పాడవక్కర్లేదు. 1965 యుద్ధంతో మూతపడిన హల్దీబాడీ-చిలాహాటీ లైను (మనకీ బంగ్లాదేశ్‌కీ మధ్యది) మళ్లీ తెరుచుకుంది 2020 డిసెంబరులో. యాభై ఐదేళ్లు! అగర్తలా-అఖౌరా లైనుకి 2023 నవంబరులో ఆర్భాటంగా ప్రారంభోత్సవం చేశారు. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో గొడవలు ముదరగానే మైత్రీ, బంధన్, మితాలీ ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, సరుకు బండ్లకీ ఆటంకం వచ్చింది. ఆ దాకా ఎందుకు, 2020 సెప్టెంబరు 14న మన ప్రభుత్వమే ఉల్లి ఎగుమతి ఆపేస్తే బెంగాల్ సరిహద్దులో లారీలు వరసగా నిలిచిపోయాయి. మన కడప కేపీ (కృష్ణాపురం) ఉల్లి రైతులు కూడా అక్టోబరులో సడలింపు వచ్చేదాకా దిక్కులు చూశారు. రాత్రి వచ్చిన ఒక్క నోటిఫికేషన్‌తో తెల్లారేసరికి మారిపోయే దారి ఇది. అలాంటి ఒక్క దారిని నమ్ముకుని రెండేళ్ల కోర్సు ఎంచుకోవడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

ఇక లాజిస్టిక్స్ ఎంబీఏ. ఈ మధ్య ఏ బ్రోచర్ తీసినా ఇదే. కవరు మీద ఓడ, క్రేను, సూటు వేసుకున్న కుర్రాడు. లోపల "గతిశక్తి", "సరిహద్దులు దాటే వాణిజ్యం" అని పెద్ద అక్షరాలు. రెండేళ్లు అయ్యాక నా దగ్గరికి తిరిగి వచ్చే పిల్లల్లో చాలామంది నగరం శివార్లలో ఆన్‌లైన్ కంపెనీల గోదాముల్లో షిఫ్టులు చూస్తున్నారు. ఆ పని చిన్నదని అనను, అందులోంచి పైకొచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ దానికి మామూలు డిగ్రీ చాలు. 14 లక్షలు అక్కర్లేదు, పొలం కాగితాలు అసలే అక్కర్లేదు. ఆ కాలేజీలో ఎక్స్‌పోర్ట్ చెప్పే లెక్చరర్లలో సొంతంగా ఒక్క షిప్పింగ్ బిల్లైనా (ఎగుమతి సరుక్కి కస్టమ్స్‌లో ఇచ్చే పత్రం) వేసినవాళ్లు ఎందరో అడిగి చూడండి. ప్లేస్‌మెంట్ జాబితాలో కంపెనీ పేర్లు కాకుండా, ఏ పనిలో చేరారో అడగండి. "అత్యధిక ప్యాకేజీ" చెప్పి మధ్యలో ఉన్నవాడి జీతం చెప్పకపోతే లేచి వచ్చేయండి.

అన్నీ ఒకేలాంటివని కాదు. విదేశీ వాణిజ్యమే నేర్పే ఐఐఎఫ్‌టీకి మన కాకినాడలోనే క్యాంపస్ ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే సంస్థలో వ్యవసాయ వ్యాపారం మీద రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, మీ ఇంటి వ్యాపారానికి అదే దగ్గర. వీటికి పోటీ ఎలా ఉంటుందో, ఏ పరీక్ష రాయాలో మీ అబ్బాయికి నేను చెప్పక్కర్లేదు. అక్కడ సీటొస్తే అప్పు చేసినా నేను అడ్డు చెప్పను. అక్కడ రాలేదు కాబట్టి డబ్బు పోసి అలాంటి పేరున్న ఇంకో కోర్సు కొందామనుకుంటేనే అడ్డు చెప్తాను.

ఎక్స్‌పోర్ట్ డిప్లొమాల గురించి ఎక్కువ చెప్పను. హోటల్ హాల్లో రెండు వారాంతాలు పెట్టి, "ఐఈసీ (ఎగుమతి దిగుమతుల కోడ్) తీసుకోండి, ఎక్స్‌పోర్టర్ అయిపోండి" అని ముప్పై నలభై వేలు గుంజుతున్నారు. ఐఈసీ నంబరు కేంద్రం విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయలకి వస్తుంది. మిర్చి కాబట్టి స్పైసెస్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా నమోదు చేసుకోవాలి. ఆ బోర్డు ల్యాబు మీ గుంటూరులోనే ఉంది, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్ష చేస్తారు. సరుకులో తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఎవరిస్తారు, పురుగు చావడానికి ఫ్యూమిగేషన్ ఎప్పుడు చేయించాలి, ఎల్‌సీలో (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) ఒక్క అక్షరం తేడా వస్తే బ్యాంకు డబ్బు ఎందుకు ఆపుతుంది, ఇవి హాల్లో వింటే రావు. ఒక లాటు పంపితే వస్తాయి.

పంపడం నేర్చుకోవడానికి ఒక దారి ఉంది. దానికి బ్రోచర్ ఉండదు కాబట్టి ఎవరూ చెప్పరు. ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ కాగితాలు చూసే కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో చేరడం. సీహెచ్‌ఏ ఆఫీసు అంటారు ఇప్పటికీ. చెన్నైలో, విశాఖలో, కృష్ణపట్నం చుట్టుపక్కల ఉన్నాయి. మొదట ఫైళ్లు మోయిస్తారు, జీతం మీ కొట్లో హమాలీ సంపాదనకన్నా తక్కువే ఉండొచ్చు. కస్టమ్స్ పరీక్ష పాసైతే జీ-కార్డు వస్తుంది, బ్రోకర్ తరఫున కస్టమ్స్‌లో పనిచేసేవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు అది. డిగ్రీ ఉండి, జీ-కార్డుతో కనీసం రెండేళ్లు పనిచేస్తే బ్రోకర్ లైసెన్సు పరీక్షకి అర్హత వస్తుంది. ఆ పరీక్ష పెట్టేది కస్టమ్స్ అధికారులకి శిక్షణ ఇచ్చే నాసిన్, దాని పెద్ద అకాడమీ మన సత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే 2024లో మొదలైంది. బీకామ్ కుర్రాడికి ఇది సరిగ్గా అతికే దారి. రేపు బంగ్లాదేశ్ లైను ఆగినా ఓడ మీద చైనాకి, శ్రీలంకకి, మలేసియాకి వెళ్లే మిర్చికి కాగితాలు ఇవే. కాయ తెలిసి, కాగితం కూడా తెలిసిన మనిషి యార్డులో చాలా అరుదు.

పోలిక చెప్తానన్నాను కదా. పేరున్న సంస్థలో సీటొస్తే చదివించండి. రాకపోతే సీహెచ్‌ఏ ఆఫీసు, సీజన్లో కొట్టు. మీరు చెప్పిన కాలేజీ నా జాబితాలో ఆఖరున ఉంది.

ఇప్పుడు కాస్త కటువుగా ఒక మాట, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రైలుంది, యార్డుంది, పొలముంది, ఫీజుంది. మీ అబ్బాయికి ఏం ఇష్టమో ఒక్క వాక్యం లేదు. "కొట్లో కూర్చోబెట్టమంటారా" అన్నారు, శిక్ష వేసినట్టు. ఆ కొట్టేనండీ వాడి స్కూలు ఫీజు కట్టింది. మీరే దాన్ని చిన్నచూపు చూస్తుంటే ఇరవై ఏళ్ల కుర్రాడు ఎలా గౌరవిస్తాడు? "మా నాన్న యార్డులో ఏజెంటు" అని చెప్పుకోవడానికి సిగ్గుపడే పిల్లల్ని నేను చూశాను. ఆ సిగ్గు వాళ్లకి కాలేజీలో అంటలేదు, ఇంట్లో భోజనాల దగ్గర అంటింది. సంబంధాలు రావనే భయం కూడా దీని వెనక ఉందని నాకు తెలుసు. ఎంబీఏ అని కార్డు మీద వేసుకుంటే వస్తాయనుకోవడం, ఆ తర్వాత నెలనెలా తాకట్టు వడ్డీ కట్టడం, రెండూ మీరే పడాలి.

కంగారు మాత్రం పడకండి. మీ కొట్టు వచ్చే ఏడాది మూతపడదు, ఆ వచ్చే ఏడాదీ పడదు. కోల్డ్ స్టోరేజీలు, వేలం, రైతుకి ముందే ఇచ్చే పెట్టుబడి, పండగకి చేతిబదులు, ఇదంతా ఒక బండి వచ్చినంత మాత్రాన కూలిపోయేది కాదు. రైతు మీ దగ్గరికి వచ్చేది ధర కోసమే కాదు, అవసరానికి డబ్బు సర్దుతారని కూడా. ఆ పని చేయడానికి ఎగుమతిదారుడికి ఓపిక లేదు. మీకు కనీసం అయిదారేళ్ల వ్యవధి ఉందని నా అంచనా. ఒక కుర్రాడు పని నేర్చుకోవడానికి అది బోలెడు.

యార్డుకి మే నెలలో వేసవి సెలవులిస్తారు కదా, అప్పటికి వాడి పరీక్షలూ అయిపోతాయి. మీ సరుకు కొనే ఎగుమతిదారుల్లో ఒకరిని అడిగి, వాళ్ల సీహెచ్‌ఏ ఆఫీసులో ఆ నెల రోజులు కూర్చోనివ్వమనండి. జీతం అడగొద్దు. జూన్లో వాడు తిరిగొచ్చి "నా వల్ల కాదు నాన్నా, నేను సీఏ చదువుకుంటా" అంటే సరే అనండి, అదీ ఒక జవాబే.

కాలేజీకి కట్టిన డబ్బు సంగతి. తరగతులు మొదలవకముందే సీటు వద్దని రాతపూర్వకంగా ఇస్తే, వెయ్యి రూపాయలకి మించి పట్టుకోకుండా మిగతాది తిరిగివ్వాలన్నది ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నిబంధన. వాళ్లకి ఏఐసీటీఈ అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి. ఫోన్లో చెప్తే చాలదు, ఈమెయిల్ పెట్టి, రసీదు కాపీ జతచేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంటే ముందు అవి తెచ్చుకోండి.