వల్లకాడు మీద సినిమా తీసిన అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఊరి కాటికాపరి కుటుంబం మీద ఫోనుతో పదకొండు నిమిషాల సినిమా తీసింది. బ్యాంకు కోచింగ్‌కు పంపుదామంటే వద్దు, డాక్యుమెంటరీలే తీస్తానంటోంది. ఇది కూడు పెట్టే పనేనా? ఆడపిల్ల కదా, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, మీరు పంపిన సినిమా రెండుసార్లు చూశాను. పొయ్యి ముందు కూర్చున్న ఆ ఇల్లాలి ముఖాన్ని మీ అమ్మాయి తానూ నేల మీద కూర్చునే తీసింది. నాకు మొదట కనిపించింది అదే.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. దాని ఊరి మహిళా సంఘాల్లోని దళిత మహిళలు కొందరు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. కూలికి వెళ్లినవాళ్లు, బడి ముఖం చూడనివాళ్లు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వరంగల్ రైతుల బీటీ పత్తి కష్టాలను వాళ్లే చిత్రీకరించారు. షాట్లకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే పటేల్ షాట్, అంటే భూస్వామి చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెడితే సంఘం షాట్. మీ అమ్మాయి తీసింది సంఘం షాట్. ఎవరూ నేర్పకుండానే ఆ చూపు వచ్చిందంటే వద్దని చెప్పే ముందు కాస్త ఆలోచించండి.

ఇక కూడు సంగతి. సొంత డాక్యుమెంటరీ ఒక్కదాన్నే నమ్ముకుంటే మొదటి కొన్నేళ్లు ఇల్లు గడవదు. అది దాచను. ఈ రంగంలో నిలబడ్డవాళ్లలో చాలామందికి చేతిలో ఇంకో పని ఉంటుంది. ఎడిటింగ్, కెమెరా, సౌండ్, సబ్‌టైటిల్స్, పాఠాలు చెప్పడం, స్వచ్ఛంద సంస్థలకు చిన్న సినిమాలు తీసిపెట్టడం. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు "దర్శకత్వం నేర్చుకుంటా" అనకండి, ముందు ఒక చేతిపని గట్టిగా పట్టుకోండి అంటాను. మీ అమ్మాయికైతే ఎడిటింగ్ చెబుతాను. సినిమాలో కోత బాగుంది, మాటే సరిగ్గా వినపడలేదు. బొమ్మ కాస్త వణికినా జనం ఓర్చుకుంటారు, మాట అందకపోతే లేచిపోతారు. కొత్త కెమెరా అడిగితే ఇప్పుడే కొనకండి, చొక్కాకు తగిలించుకునే మైకు ఒకటి కొనివ్వండి.

చదువు విషయానికొస్తే, పుణెలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో ఎడిటింగ్ మూడేళ్ల కోర్సు. డిగ్రీ అయినవాళ్లు రాయొచ్చు, సీట్లు మాత్రం బాగా తక్కువ. కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉంది. అయితే ఈ అమ్మాయి మనసుకు ఢిల్లీ జామియా మిలియాలోని మాస్ కమ్యూనికేషన్ ఎంఏ గానీ, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లోని మీడియా అండ్ కల్చరల్ స్టడీస్ ఎంఏ గానీ దగ్గరగా ఉంటాయి. రెండూ రెండేళ్లవే. అక్కడ కెమెరాతోపాటు కులం, శ్రమ, నగరం గురించి కూడా చదివిస్తారు. దూరం పంపలేమంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎంఏ చూడండి. సీటు రాకపోతే ఏడాది వృథా కాకుండా, గ్రామీణ భారతం గురించి రాసే, చిత్రీకరించే 'పరి' వెబ్‌సైటుకు పని పంపమనండి. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన ఆ సంస్థ విద్యార్థుల పనిని కూడా ప్రచురిస్తుంది. తెలుగులోనూ వస్తుంది.

ఆడపిల్ల అన్నారు. ఈ దారిలో మన ఆడవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. 1980లో యుగాంతర్ అనే స్త్రీవాద సినిమా బృందం మొదలైంది. హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధనరాజ్ అందులో ఒకరు. పుణెలో ఇళ్లలో పనిచేసేవాళ్ల గురించి, నిప్పాణి పొగాకు కార్మికుల గురించి ఆ కార్మికులతో కలిసే సినిమాలు తీశారు. 1983లో హైదరాబాద్ మహిళా సంఘం స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తెలుగులో 'ఇది కథ మాత్రమేనా' తీశారు. ఇంట్లో ఆడవాళ్ల మీద జరిగే హింస దాని విషయం. ఇబ్బందులు ఉండవని మాత్రం అనను. తమిళనాడులో పాకీ పనివాళ్ల మీద 2017లో 'కక్కూస్' తీసిన దివ్యభారతి కేసులు ఎదుర్కొన్నారు. కాబట్టి ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురితో కలిసి పనిచేయడం, ఫుటేజీ ఎప్పుడూ రెండు చోట్ల దాచడం ఇప్పటినుంచే అలవాటు కావాలి.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమైన మాట ఇంకొకటుంది. బయటివాళ్లు చిన్నచూపు చూసే మనుషుల గురించి సినిమా తీసినప్పుడు, నష్టం జరిగితే అది తీసినవాళ్లకు కాదు, తెర మీద కనబడ్డవాళ్లకు జరుగుతుంది. దళిత, ఇతర గ్రామీణ మహిళలు నడిపే 'ఖబర్ లహరియా' వార్తా సంస్థ మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అప్పుడు ఆ సంస్థవాళ్లే, సినిమా మా పనిలో ఒక భాగాన్నే చూపింది, అదే మేమనుకుంటే పొరపాటని బహిరంగంగా చెప్పారు. అంత శ్రద్ధగా తీసిన సినిమాకే ఇలా జరిగింది. మీ అమ్మాయి సినిమాలో ఆ ఇంటి చిన్న పిల్లవాడు స్కూలు యూనిఫాంలో కనిపిస్తాడు, బడి పేరు కూడా చదవొచ్చు. రేపు తోటి పిల్లలు వాణ్ణి ఏమని పిలుస్తారో ఒక్కసారి ఊహించండి. ఆ షాట్ తీసేయాలి. అనుమతి అంటే కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం కాదు, కోత పూర్తయ్యాక వాళ్లకు చూపించి, వద్దన్నది తీసేయడం.

డబ్బు గురించి మీకు నా సూచన రెండేళ్ల గడువు. ఎంఏ అయినా, ఒక ఎడిటింగ్ రూములో సహాయకురాలిగా అయినా రెండేళ్లు చూడనివ్వండి. బ్యాంకు పరీక్షకు వయసు అప్పటికీ మిగిలే ఉంటుంది. ఈలోగా తను తీసేవాటిని కేరళలో తిరువనంతపురంలో జరిగే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఉత్సవానికీ, ముంబైలో జరిగే అలాంటి ఉత్సవానికీ పంపుతూ ఉండాలి. ఎంపిక కాకపోయినా ఒక్కసారి వెళ్లి నాలుగు రోజులు అక్కడి సినిమాలు చూసి రావాలి. వీలైతే టికెట్ ఖర్చు మీరే పెట్టండి.

ఈ వారమే చేయగల పని ఒకటుంది. ఆ కాటికాపరి ఇంటివాళ్లకు సినిమా చూపించావా అని అడగండి. చూపించకపోతే ఈ ఆదివారం మీరూ తనతో వెళ్లండి. వాళ్ల వాకిట్లో కూర్చుని వాళ్లతోపాటే చూడండి. ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి.