ఎలిజబెత్ డి క్లేర్ గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఇంగ్లండు వెళ్లి, పద్నాలుగో శతాబ్దపు ఎలిజబెత్ డి క్లేర్ పెళ్లిళ్ల మీద పరిశోధన చేయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. లాటిన్ నేర్చుకో. చూసిన ప్రతి పత్రం సంఖ్యను ఆ రోజే రాసుకో.

అన్నిటికంటే ముందు వంశవృక్షం గీసి గోడకు అంటించు. విసుక్కోకుండా విను. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక కుర్రవాడు ఈమె మీదే సిద్ధాంత వ్యాసం రాస్తూ, ఎలిజబెత్ డి బర్గ్ అన్న పేరు కనబడిన ప్రతిచోటా మనిషి ఒకరే అనుకున్నాడు. మన ఎలిజబెత్ 1308లో జాన్ డి బర్గ్‌ను పెళ్లాడాక ఆ పేరు వచ్చింది. ఆమె ఆడపడుచు, అంటే స్కాట్లండు రాజు రాబర్ట్ బ్రూస్ భార్య, కూడా ఎలిజబెత్ డి బర్గే. మన ఎలిజబెత్ కొడుకు విలియం 1333లో ఐర్లండులో హత్యకు గురైనప్పుడు మిగిలిన పసిబిడ్డకూ నాయనమ్మ పేరే. ఆ మనవరాలికి 1342లో, పదేళ్ల వయసులో, మూడవ ఎడ్వర్డ్ కొడుకు లయొనెల్‌తో పెళ్లి చేశారు. పెళ్లికొడుకుకు నాలుగేళ్లు కూడా నిండలేదు. కుర్రవాడి వ్యాసంలో మాత్రం, 1322 తర్వాత మళ్లీ పెళ్లి మాటే ఎత్తకుండా 1360లో కన్నుమూసిన నాయనమ్మ, నలభై ఏళ్లు దాటాక ఆ చంటివాణ్ణి పెళ్లాడింది! సరిచూడవలసిన పెద్దలూ చూడలేదు. మౌఖిక పరీక్షలో బయటపడి, ఏళ్ల తరబడి చేసిన పని మళ్లీ మొదటికి వచ్చింది. వాడి ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది; నీకు ఆ గతి పట్టకూడదు.

నా అసలు భయం బ్రిస్టల్ సంగతి. 1314లో ఆమె అన్న, గ్లాస్టర్ ప్రభువు గిల్బర్ట్ బానక్‌బర్న్ యుద్ధంలో పిల్లలు లేకుండా చనిపోవడంతో గ్లాస్టర్ ఆస్తి ముగ్గురు అక్కచెల్లెళ్ల పాలైంది. ఒక్కొక్కరి వాటా రాబడి ఏడాదికి సుమారు 2,000 పౌండ్లు. అప్పటికే భర్తను పోగొట్టుకున్న ఎలిజబెత్‌ను 1316 మొదట్లో థియోబాల్డ్ డి వర్డన్ బ్రిస్టల్ కోట నుంచి తీసుకుపోయి, రాజు అనుమతి లేకుండా పెళ్లి చేసుకున్నాడు. ఎత్తుకుపోయాడన్నది అతని మీద మోపిన నేరం. ఐర్లండులోనే ప్రధానం అయింది, ఆమే కోట దాటి వచ్చింది అన్నది అతని జవాబు. ఆమె మాట ఆ వివాదంలో వినబడదు. కథలు అల్లడంలో నువ్వు చిన్నప్పటి నుంచీ దిట్టవు గనుక చెబుతున్నాను, దాన్ని రుక్మిణీ కల్యాణం చేసిపెట్టకు. అలాగని జాలికథా చేయకు. నీకు ఇష్టమా అని పెళ్లినాడు అడిగారా అంటే మీ అమ్మమ్మ నవ్వి, వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ నవ్వుకు అర్థం నేను ఇప్పటికీ చెప్పలేను.

తేదీలను పక్కపక్కన పెట్టి చూడు. ఆరు నెలలు తిరగకుండానే వర్డన్ పోయాడు. గర్భవతిగా ఏమ్స్‌బరీ మఠంలో తలదాచుకున్న ఆమెకు, మేనమామ అయిన రెండవ ఎడ్వర్డ్ రాజు తన ఆంతరంగికుడు రోజర్ డామొరీని పెళ్లాడమని ఉత్తరం రాశాడు. 1317 మార్చిలో ఇసబెల్లా పుట్టింది, కొన్ని వారాలకే మూడో పెళ్లి అయింది, నవంబరులో ఆస్తి పంపకం జరిగింది. 1322లో డామొరీ తిరుగుబాటులో చనిపోగా ఆమెను పిల్లలతో సహా బార్కింగ్ మఠంలో నిర్బంధించారు. స్వయానా అక్క ఎలినార్ భర్త హ్యూ డెస్పెన్సర్ ఆమె అస్క్ జాగీరును వదులుకునేలా చేశాడు. 1326లో ఆమె రహస్యంగా రాయించిన నిరసన పత్రం దగ్గర ఎంతకాలం పట్టినా కూర్చో. ఆమె ఫిర్యాదు ఆమె వైపు నుంచి దొరికేది అక్కడే.

ఆమె ఇంటి లెక్కలు రాసిన పత్రాల చుట్టలనూ తక్కువగా చూడకు. రొట్టె, బీరు పద్దులతో పాటు ఏ రోజు ఎన్ని గుర్రాలకు మేత పడిందో చూస్తే, ఆమె ఉన్న క్లేర్ కోటకు ఎందరు చుట్టాలు దిగారో, పెళ్లయిన కూతుళ్ల రాకపోకలు ఎలా సాగాయో తెలుస్తుంది.

లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ అభిలేఖాగారంలో పెన్ను పట్టుకోనివ్వరు, పెన్సిళ్లు పెట్టుకో. పని ధ్యాసలో మధ్యాహ్నం తిండి మానేసే అలవాటు ఇక్కడే వదిలిపెట్టి వెళ్లు. ఏమ్స్‌బరీ అధ్యాయం పూర్తికాగానే, మీ గైడుకు ఇచ్చేలోగా నాకు పంపు.

మీ పెద్దమ్మ