ఫిల్టర్ క్యాండిల్ ముక్కతో వేప్ అటామైజర్ చేసుకోవచ్చా? ఒకప్పుడు చేసి చూసినవాడిగా నా జవాబు

రోజుకు పది సిగరెట్లు తాగుతున్నానని, మానడానికి వేప్ (ఈ-సిగరెట్) వాడదామంటే దొరకడం లేదని, నీళ్ల ఫిల్టర్‌లోని తెల్ల క్యాండిల్ ముక్కకు హీటర్లలో వాడే నిక్రోమ్ తీగ చుట్టి ఇంట్లోనే అటామైజర్, అంటే వేప్‌లో ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే భాగం, చేసుకోవచ్చా అని అడిగారు. నేను కర్నూలులో మోటార్ వైండింగ్ పని చేస్తాను. 2017లో, అప్పటికి వేప్‌ల మీద దేశవ్యాప్త నిషేధం లేదు, సరిగ్గా ఇదే కారణంతో ఇదే పని చేశాను. చేయొద్దనే చెబుతాను. ఎందుకో మాత్రం వివరంగా చెప్పాలి, లేకపోతే మీరు ఎలాగూ మొదలుపెడతారు. నాకూ చాలామంది ఊరికే వద్దన్నారు, నేను వినలేదు.

మీ ఆలోచన తప్పేమీ కాదు. ఎండాకాలం మట్టికుండ బయట చెమ్మగిల్లడం చూస్తూనే ఉంటాం. కాల్చిన మట్టిలోని సన్నని రంధ్రాలు నీటిని వాటంతట అవే పీల్చుకుంటాయి. అటామైజర్‌లో సిరామిక్ చేసేదీ అదే, ద్రవాన్ని పీల్చి కాయిల్ (వేడెక్కే తీగ చుట్ట) దగ్గరికి చేర్చడం. దూది వత్తి ఎండితే మాడుతుంది, సిరామిక్ మాడదు. నన్ను లాగింది కూడా ఈ సంగతే.

క్యాండిల్‌ను పగలగొట్టి, హాక్సా బ్లేడుతో కోసి, పెన్సిల్ మందం ముక్క తీసుకున్నాను. నీటి చుక్క వేస్తే క్షణంలో ఇంకిపోయింది. సంతోషంగా, వేప్ ద్రవంలో ఉండే గ్లిజరిన్ చుక్క వేశాను. అది కదలకుండా పైనే కూర్చుంది. 20 డిగ్రీల దగ్గర గ్లిజరిన్ నీటి కంటే సుమారు 1,400 రెట్లు చిక్కన. ఫిల్టర్ క్యాండిల్ రంధ్రాలేమో క్రిములను ఆపడానికి చేసినవి, అంత సన్నవి. వేప్ ద్రవంలో ఉండే మరో పదార్థం, ప్రొపిలీన్ గ్లైకాల్, కలిపి పలచన చేశాక కొంత పీల్చింది. కానీ 40 డిగ్రీలకు వెళ్లేసరికి గ్లిజరిన్ చిక్కదనం దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. మన ఊళ్లో దీని అర్థం ఏమిటంటే, డిసెంబర్ పొద్దున కాయిల్‌కు ద్రవం అందలేదు, ఏప్రిల్ మధ్యాహ్నం అదే ముక్క కారిపోయి బ్యాటరీ కాంటాక్ట్ మీదికి వచ్చింది. ఒక కాలానికి కుదిరిన కొలత ఇంకో కాలానికి కుదరలేదు.

ద్రవం అందకపోతే ఏమవుతుందో ఇక్కడ ఆగి చెప్పాలి. వత్తి తడిగా ఉన్నంతసేపు కాయిల్ వేడి ద్రవం మరిగే స్థాయి చుట్టుపక్కలే ఉంటుంది. గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. ఎండిన చోట ఆ అదుపు పోతుంది, తీగ ఎర్రగా కాలుతుంది, మిగిలిన గ్లిజరిన్ విరిగిపోయి అక్రోలిన్ అనే వాయువు వస్తుంది. మూకుట్లో నూనె మాడినప్పుడు కళ్లు మండించి, గొంతు పట్టేసే పొగ ఉంటుంది కదా, అందులోనూ ఇదే ఉంటుంది. నా కాయిల్ 1.5 ఓమ్స్, 3.7 వోల్టుల బ్యాటరీ మీద 9 వాట్లు. చాలా తక్కువే అనుకున్నాను. ఒక్క ఎండు దమ్ముకే రెండు రోజులు దగ్గాను.

అయినా ఆపలేదు. ఆపించింది ఇంకొకటి. మూడు వారాల తర్వాత విప్పి చూస్తే ముక్క తీగ వెంబడి నెర్రెలు బారింది. భూతద్దం పెడితే తీగ కింద సిరామిక్ పొడిపొడిగా రాలి ఉంది. కొంత అక్కడే ఉంది. మిగతాది ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు, పీల్చింది మాత్రం నేనే. ఆ క్యాండిల్ చల్లని నీళ్ల కోసం చేసింది. ఎర్రగా కాలే తీగ కింద వందలసార్లు వేడెక్కి చల్లారడానికి కాదు. కొన్నిటికి వెండి పూత ఉంటుంది, కొన్నిటి లోపల బొగ్గు పొడి ఉంటుంది, అడుగున జిగురు ఉంటుంది. ముందే కాల్చి శుభ్రం చేస్తే సరిపోదా అని రాశారు. జిగురు కాలిపోవచ్చు, వెండి, సిరామిక్‌లోని సిలికా కాలిపోవు. పైగా అలా కాల్చినప్పుడే నెర్రెలు మొదలవుతాయి.

కోసేటప్పుడు లేచే తెల్ల దుమ్ము కూడా చిన్న విషయం కాదు. బండలు కోసే యంత్రం మీద నీళ్లు ఎందుకు పోస్తూ ఉంటారో బేతంచెర్ల వైపు వెళ్లినవాళ్లకు తెలుసు. బ్లేడు చల్లబడటానికి, దుమ్ము లేవకుండా ఉండటానికి. సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడే ఉండిపోయి మచ్చలు కడుతుంది. నేను మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా వంటగదిలో కూర్చుని కోశాను. పక్కగదిలో మా పాప పడుకుని ఉంది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక చట్టం. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబర్‌లో చట్టమైంది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారికి మూడేళ్ల వరకు, ఐదు లక్షల వరకు. ఇంట్లో చేసుకున్నా తయారీ తయారీయే.

మీకు నిజంగా కావాల్సింది సిగరెట్ మానడం. నేను మానింది నికోటిన్ చూయింగ్ గమ్‌తో. మందుల షాపుల్లో 2, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది, మీకు ఏది సరిపోతుందో డాక్టర్‌ను అడగండి. మొదట్లో నేను మామూలు బబుల్ గమ్‌లా గబగబా నమిలి, ఎక్కిళ్లు వచ్చి, ఇది పని చేయదని పారేశాను. పద్ధతి వేరు. నెమ్మదిగా నమలాలి, నాలుక చురుక్కుమనగానే ఆపి బుగ్గకు, చిగుళ్లకు మధ్య పెట్టుకోవాలి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. నమలడానికి పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింక్ తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగా ఎక్కదు. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఫోన్ ఉచితం. నాకు మొదటి మూడు రోజులు బాగా కష్టమయ్యాయి, ముఖ్యంగా సాయంత్రం షాపు మూసే వేళ, పక్కవాళ్లంతా టీకి వెళ్లేటప్పుడు. ఆ వారం నేను టీ బండి వైపే వెళ్లలేదు, షాపులోనే బొరుగులు నములుతూ కూర్చున్నాను. మీకు రోజులో ఏ సమయంలో ఎక్కువ తాగాలనిపిస్తుందో రాయండి, ఆ గంట ఎలా దాటాలో ఆలోచిద్దాం.