డిసెంబర్‌లో ఆట లేదు, మరి లంచ్ టేబుల్ దగ్గర బేస్‌బాల్ కబుర్లెందుకు?

డల్లాస్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు చలికాలంలో తరచూ అడిగే ప్రశ్న ఇది. "ఆఫీసులో అందరూ ఇక్కడి బేస్‌బాల్ జట్టు రేంజర్స్ ఈసారి ఎవరిని తెచ్చుకుంటారా అని మాట్లాడుకుంటున్నారు. సీజన్ అయిపోయింది కదా, ఇంకా దేని గురించి అంత చర్చ? నాకు ఆటే తెలియదు, వాళ్ల మధ్య కూర్చుని ఏం మాట్లాడాలి?" అని. ఈ ఏడాదీ కొందరు అడిగారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

బేస్‌బాల్‌తో పరిచయం పెంచుకోవడానికి చలికాలమే మంచి సమయమని నా గట్టి నమ్మకం. ఆట నియమాలు ఒంటబట్టడానికి టైమ్ పడుతుంది. కానీ ఇప్పుడు నడుస్తున్నది ఆట కాదు, ఉద్యోగాల బేరం. ఎన్నేళ్లకి రాసిస్తారు, ఎంతిస్తారు, ఏ ఊరు వెళ్లాలి, భార్యాపిల్లలకి ఎక్కడ బాగుంటుంది, ఇవే ప్రశ్నలు. రెండు ఆఫర్ లెటర్లు పక్కపక్కన పెట్టుకుని అర్ధరాత్రి దాకా లెక్కలు వేసినవాళ్లం మనం. ఈ విషయం మనకి ఇంకొకరు నేర్పక్కర్లేదు.

ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో ముగుస్తుంది. మళ్లీ ఫిబ్రవరి మధ్యలో పిచర్లు (బంతి వేసేవాళ్లు), క్యాచర్లు (దాన్ని పట్టేవాళ్లు) సీజన్ ముందు శిక్షణకి, అంటే స్ప్రింగ్ ట్రైనింగ్‌కి చేరతారు. మన రేంజర్స్ అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊరికి వెళ్తారు. ఈ మధ్యలో కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లు ఫ్రీ ఏజెంట్లు. పెద్ద పేరున్నవాళ్ల కోసం ఐదారు జట్లు పోటీ పడతాయి. డిసెంబర్ మొదట్లో జట్ల మేనేజర్లు, ఏజెంట్లు అందరూ ఒకచోట చేరే వింటర్ మీటింగ్స్ జరుగుతాయి. 2024లో అవి మన డల్లాస్‌లోనే జరిగాయి. అవి మొదలవుతుండగానే హువాన్ సోటో న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్లకి 765 మిలియన్ డాలర్లకి ఒప్పుకున్నాడన్న వార్త వచ్చింది. అప్పటిదాకా ఆడిన, అదే ఊరి యాంకీస్ జట్టు 16 ఏళ్లకి 760 మిలియన్లు ఇస్తామన్నా అతను వెళ్లిపోయాడు.

ఐపీఎల్ చూసి పెరిగిన మనం ఇక్కడ పొరబడే అవకాశం ఉంది. అక్కడ వేలంలో సుత్తి పడ్డాక ఆటగాడు కొన్న జట్టుకే ఆడాలి. 2024 నవంబర్‌లో జెడ్డాలో రిషభ్ పంత్‌ని లక్నో 27 కోట్లకి తీసుకుంది, ఆయన లక్నోకి ఆడాడు. ఇక్కడ వేలం లేదు. ఫ్రీ ఏజెంట్ అయిన ఆటగాడు ఎక్కడికి వెళ్లాలో తనే తేల్చుకుంటాడు. జట్టు ఓనరు అతని ఇంటికి వెళ్లి, భోజనం పెట్టించి, స్టేడియం తిప్పి చూపించి, మా దగ్గరికి రా నాయనా అని అడగాలి. జట్టు ఖర్చుకి గట్టి పరిమితి కూడా లేదు. ఒక హద్దు దాటితే పన్ను కట్టాలి, అంతే. 2025లో ఆ హద్దు 241 మిలియన్లు.

అయితే ఆ స్వేచ్ఛ మొదటిరోజే రాదు. అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తవ్వాలి. మొదటి మూడేళ్లూ చాలామందికి కనీస జీతమే, 2025లో అది 7,60,000 డాలర్లు. తర్వాత జీతం కుదరకపోతే మధ్యవర్తి దగ్గర వాదించుకోవచ్చు, జట్టు మాత్రం మారలేరు. సర్వీసులో ఏడాది అంటే 172 రోజులు. 2015లో షికాగో కబ్స్ తమ కుర్రాడు క్రిస్ బ్రయంట్‌ని సీజన్ మొదలయ్యాక కొన్ని రోజులు కింది లీగ్‌లోనే ఉంచి, ఆ తర్వాత పిలిచారు. ఏడాది చివర అతని లెక్క 171 రోజుల దగ్గర ఆగింది. ఒక్క రోజు తక్కువైనందుకు ఫ్రీ ఏజెన్సీ ఏడాది వెనక్కి పోయింది. ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. గ్రీన్ కార్డు క్యూలో ప్రయారిటీ డేట్ ఒక్క వారం వెనక పడి ఏళ్లు ఎదురుచూసేవాళ్లకి ఆ కుర్రాడి బాధ వేరే చెప్పాలా?

ఈ ఆరేళ్ల హక్కు కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు. దాని వెనక ఉన్న మనిషి గురించి మీకు తప్పకుండా తెలియాలి. పేరు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి 12 సీజన్లు సెంటర్ ఫీల్డ్‌లో ఆడాడు. 1964, 1967 వరల్డ్ సిరీస్‌లు గెలిచిన జట్టులో ముఖ్యుడు. 1969 అక్టోబర్‌లో అతన్ని అడగకుండానే ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు. అప్పటి పద్ధతి అది. కాంట్రాక్టు ముగిసినా దాన్ని పొడిగించుకునే హక్కు జట్టుదే, ఆటగాడు ఆడితే ఆ జట్టుకే ఆడాలి, లేదా ఆట మానేయాలి. ఫ్లడ్ ఒప్పుకోలేదు. నా ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మడానికి నేను ఎవరి సొత్తునూ కాదని ఆ డిసెంబర్‌లో బేస్‌బాల్ కమిషనర్‌కి ఉత్తరం రాశాడు. ఫిలడెల్ఫియా ఇస్తామన్న లక్ష డాలర్లు వదులుకుని, 1970 సీజన్ మొత్తం ఆడకుండా కోర్టుకి వెళ్లాడు. ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడైన జాకీ రాబిన్‌సన్ వచ్చి అతని తరఫున సాక్ష్యం చెప్పాడు. అప్పటికి ఆడుతున్నవాళ్లలో ఒక్కరు కూడా రాలేదు. ఉద్యోగం పోతుందన్న భయం. 1972లో సుప్రీంకోర్టు 5-3తో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

అతను ఓడాడు కానీ దారి పడింది. 1975 డిసెంబర్‌లో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల కేసులో మధ్యవర్తి పీటర్ సైట్జ్, ఆ పొడిగింపు హక్కు ఒక్క ఏడాదికే అని తేల్చాడు. మరుసటి ఏడాది ఒప్పందంలో ఆరేళ్ల నియమం వచ్చింది. ఇవాళ సోటోకి 765 మిలియన్లు వచ్చాయంటే ఆ చెక్కు వెనక ఫ్లడ్ పోగొట్టుకున్న జీతం ఉంది. మనూరివాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి ఇంకొకటి. కేసు నడుస్తుండగా 1971లో అతను వాషింగ్టన్ సెనేటర్స్‌కి పదమూడు ఆటలు ఆడి, ఇక కుదరక వదిలేశాడు. అదే అతని ఆఖరి జట్టు. ఆ సీజన్ అయ్యాక సెనేటర్స్ ఊరు మారి డల్లాస్ పక్కనున్న ఆర్లింగ్టన్ వచ్చింది. అదే మన టెక్సాస్ రేంజర్స్. యజమాని పేరు మీద నడిచే వీసాతో ఇక్కడ బతుకు మొదలుపెట్టేవాళ్లకి ఫ్లడ్ కథ నేను పనిగట్టుకుని చెబుతాను.

ఇక రేంజర్స్ వేట సంగతి. పెద్ద డబ్బు పెడితే గెలుస్తారా అని లంచ్‌లో వాదన వస్తే రెండు చలికాలాలు గుర్తుంచుకోండి.

మొదటిది 2000 డిసెంబర్. అలెక్స్ రోడ్రిగెజ్‌కి 10 ఏళ్లకి 252 మిలియన్లు. ఆ రోజుల్లో అంత కాంట్రాక్టు ఏ ఆటలోనూ లేదు. రోడ్రిగెజ్ అద్భుతంగా ఆడాడు, జట్టు మాత్రం మూడేళ్లూ తన డివిజన్‌లో, అంటే తన గ్రూపులో, అట్టడుగునే ఉంది. పిచింగ్ లేదు. 2004 ఫిబ్రవరిలో అతన్ని యాంకీస్‌కి పంపేశారు. ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

రెండోది 2021 నవంబర్. ఆ ఏడాది రేంజర్స్ 102 ఆటలు ఓడింది. అలాంటి జట్టు దగ్గరికి పేరున్నవాడు ఎందుకొస్తాడు? పైగా యాజమాన్యానికీ ఆటగాళ్ల సంఘానికీ ఒప్పందం ముగిసిపోతోంది, డిసెంబర్‌లో లాకౌట్ (యాజమాన్యాలే పని ఆపేయడం) ఖాయమని అందరికీ తెలుసు. ఆ నెల ఆఖరి రోజుల్లో రేంజర్స్ వరసగా మార్కస్ సెమియన్‌కి 7 ఏళ్లకి 175 మిలియన్లు, పిచర్ జాన్ గ్రేకి 4 ఏళ్లకి 56, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) కోరీ సీగర్‌కి 10 ఏళ్లకి 325 ఇచ్చింది. సీగర్, సెమియన్ ఇద్దరికే 500 మిలియన్లు. సీగర్‌కి ఆర్లింగ్టన్ కొత్త కాదు. కోవిడ్ వల్ల 2020 వరల్డ్ సిరీస్ మొత్తం అప్పుడే ఆర్లింగ్టన్‌లో కట్టిన రేంజర్స్ స్టేడియం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో జరిగింది. లాస్ ఏంజలెస్ డాడ్జర్స్ తరఫున గెలిచి, ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడైంది ఆయనే.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్నది కూడా ఇలాంటి బేరాల్లో గట్టిగా వినిపించే మాట. కాలిఫోర్నియాలో పైశ్లాబు 13.3 శాతం. అయితే దీన్ని పూర్తిగా నమ్మేయకండి. ఆటగాడు ఏ రాష్ట్రంలో ఆడితే ఆ రోజుల సంపాదనకి అక్కడ పన్ను కట్టాల్సి వస్తుంది, సగం ఆటలు బయట ఊళ్లలోనే ఉంటాయి. మీరు ఇర్వింగ్‌లో ఉంటూ నెలల తరబడి వేరే రాష్ట్రంలో క్లయింట్ దగ్గర పనిచేస్తే మీకూ ఇదే వర్తించవచ్చు. ట్యాక్స్ చేసేవాళ్లని ముందే అడిగి తెలుసుకోండి.

2022లో మళ్లీ 94 ఓటములు. డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరని రేడియోలో రోజూ తిట్టారు. ఆ చలికాలం రేంజర్స్ ఇంకా ముందుకెళ్లి పిచర్లు జేకబ్ డిగ్రామ్‌కి 5 ఏళ్లకి 185 మిలియన్లు, నేథన్ ఇవాల్డీకి 2 ఏళ్లకి 34 ఇచ్చింది. బ్రూస్ బోచీని మేనేజర్‌గా, అంటే మైదానంలో జట్టుని నడిపే కోచ్‌గా తెచ్చింది. డిగ్రామ్ ఆరు ఆటలు వేశాక మోచేతికి ఆపరేషన్ అయింది. అయినా 2023లో వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు.

అక్టోబర్ 27, ఆర్లింగ్టన్‌లో మొదటి ఆట. తొమ్మిదో, అంటే ఆఖరి ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి అరిజోనా జట్టు 5-3తో ముందుంది. ఒకరు అవుట్, ఒకరు బేస్ మీద. సీగర్ వచ్చాడు. పాల్ సీవాల్డ్ వేసిన మొదటి బంతే పైకి వచ్చింది, ఒక్క దెబ్బకి కుడివైపు స్టాండ్లలో పడింది. మన సిక్సర్ లాంటి హోమ్ రన్ అది; కొట్టినవాడికీ బేస్ మీదున్నవాడికీ చెరో పరుగు. 5-5. ఏ భావమూ బయటపెట్టని ఆ మనిషి తన జట్టు కూర్చునే డగౌట్ వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు. సమం కావడంతో ఆట సాగి, పదకొండో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా హోమ్ రన్‌తో ఆట ముగిసింది. సిరీస్ 4-1తో మనది, రేంజర్స్ చరిత్రలో మొదటిసారి. సీగర్‌కి మళ్లీ ఉత్తమ ఆటగాడి అవార్డు. అయితే గార్సియాకి ఎవరూ వందల మిలియన్లు పెట్టలేదు. సెయింట్ లూయిస్ వద్దనుకుంటే రేంజర్స్ కొద్దిపాటి డబ్బిచ్చి తెచ్చుకుంది. స్టార్లు కావాలి, పక్కన ఇలాంటివాళ్లూ కావాలి. 2000కీ 2021కీ తేడా అక్కడుందని నేననుకుంటాను.

ఇంకో హెచ్చరిక: చలికాలంలో వచ్చే ఇలాంటి వార్తల్ని వెంటనే నమ్మి గ్రూపుల్లో పెట్టకండి. 2022 డిసెంబర్‌లో ఆరన్ జడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాడని ఒక ప్రముఖ విలేకరి రాసి, కొద్ది నిమిషాల్లో వెనక్కి తీసుకున్నాడు. జడ్జ్ 360 మిలియన్లకి యాంకీస్‌లోనే ఉండిపోయాడు. 2023 డిసెంబర్ 8న షోహెయి ఒతానీ టొరంటో విమానం ఎక్కాడన్న వార్త నమ్మి కెనడావాళ్లు ఆ విమానాన్ని ఫోన్లలో వెంబడించారు. దిగింది వేరే వ్యాపారవేత్త. మర్నాడు ఒతానీ డాడ్జర్స్ పేరు చెప్పాడు. మెడికల్ పూర్తయ్యేదాకా ఏ ఒప్పందమూ ఖాయం కాదు. కార్లోస్ కొరేయాకి శాన్‌ఫ్రాన్సిస్కో 350 మిలియన్లన్నది, పాత కాలి గాయం చూసి ఆగింది. మెట్స్ 315 అన్నది, వాళ్లూ ఆగారు. చివరికి మిన్నెసోటా 200కి తీసుకుంది.

పెద్ద అంకె చూసి కంగారు పడకండి. డాడ్జర్స్ ఒతానీకి ఇస్తామన్న 700 మిలియన్లలో 680 మిలియన్లు 2034 నుంచి 2043 దాకా, వడ్డీ లేకుండా వస్తాయి. ఆడుతున్న పదేళ్లూ చేతికొచ్చేది ఏడాదికి 2 మిలియన్లు. మీ ఆఫర్‌లో స్టాక్ అని రాసిన భాగాన్ని కూడా అలాగే చూడండి: ఎప్పుడొస్తుంది, మధ్యలో వెళ్లిపోతే ఏం మిగులుతుంది.

కుమార్ రాకర్ పేరు మీరు వినే ఉంటారు. రేంజర్స్ పిచర్, తల్లి లలిత గారి తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వచ్చినవాళ్లు. 2021లో కొత్త ఆటగాళ్లని జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మెట్స్ పదో స్థానంలో ఎంచుకుని, మెడికల్ చూశాక సంతకం పెట్టించుకోలేదు. మర్నాటి ఏడాది రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది. 2024లో రేంజర్స్ కింది లీగ్ జట్టు అయిన ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి ఆడాడు, ఆ సెప్టెంబర్‌లోనే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అతను ఫ్రీ ఏజెంట్ అవ్వాలంటే ఇంకా చాలా ఏళ్లుంది.

మరి లంచ్‌లో ఏం మాట్లాడాలి? ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్క ప్రశ్న అడగండి: "మనకి ఈసారి పిచర్ కావాలా, బ్యాటర్ కావాలా?" అరగంట వాళ్లే మాట్లాడతారు. పక్కన హ్యూస్టన్ నుంచి వచ్చినవాళ్లుంటే ఆస్ట్రోస్ గురించి గౌరవంగా అడగండి, రెండు ఊళ్లకీ పోటీ గట్టిది. ఆటగాళ్ల జీతాలు పైసలతో సహా బాహాటంగా చర్చిస్తారు కదా అని పక్క సీటు మనిషి జీతం అడగకండి. ప్రతి మాటకీ క్రికెట్‌తో పోల్చకండి. ఎవరైనా పందెం యాప్ చూపిస్తే వద్దనండి. టెక్సాస్‌లో ఆటల మీద ఆన్‌లైన్ పందేలకి చట్టం అనుమతి లేదు, వీసా మీద ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ అసలే వద్దు.

పిల్లలు పేరున్న జెర్సీ కావాలని అడిగితే మార్చి దాకా ఆగమనండి. 2025 నవంబర్‌లో సెమియన్‌ని మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చారు. తన అనుమతి లేకుండా పంపకూడదన్న షరతు నిమ్మో కాంట్రాక్టులో ఉంది, ఆయన సరేనన్నాకే అది జరిగింది. అదే నెలలో గార్సియాని కూడా వదిలేశారు. మా వీధిలో గార్సియా చొక్కా వేసుకుని తిరిగే పిల్లలు చాలా బాధపడ్డారు.

ఏప్రిల్ వచ్చాక మొదటి ఆటకి ఆర్లింగ్టన్ కాకుండా ఫ్రిస్కోకి వెళ్లండి. టికెట్ తక్కువ, పార్కింగ్ సులువు, పిల్లలు గడ్డి మీద ఆడుకోవచ్చు. మైదానం దగ్గరగా ఉంటుంది కాబట్టి పిచర్ చేతిలో బంతి ఎలా తిరుగుతుందో కళ్లారా కనిపిస్తుంది. ఆఫీసులో మీకు ఇవన్నీ ఓపిగ్గా చెప్పిన మనిషిని కూడా రమ్మని పిలవండి.