పద్నాలుగు రోజుల బాబుకి సీఏహెచ్ (పుట్టుకతో వచ్చే అడ్రినల్ గ్రంథుల జబ్బు) అన్నారు, స్టెరాయిడ్ వాడాలా?

చెల్లీ, బాబుకి సోడియం 116, పొటాషియం 7.4 వచ్చాయని, ఈ జబ్బుని పట్టిచ్చే రక్తపరీక్షలో 17-ఓహెచ్‌పీ కూడా బాగా ఎక్కువుందని, స్టెరాయిడ్ అనగానే మీ అత్తగారు వద్దంటున్నారని రాశారు. ముందు ఒక్క మాట: మందు ఒక్క పూట కూడా ఆపకండి.

మా వాడు 2.9 కిలోలతో పుట్టాడు. పదకొండో రోజుకి 2.4కి వచ్చాడు. తాగిన పాలన్నీ కక్కేవాడు. మర్మాంగాలు, చనుమొనల దగ్గర నల్లబడితే తాత రంగొచ్చిందని మురిసిపోయాం. అది జబ్బు గుర్తని మాకెవరూ చెప్పలేదు. మొదట చూపించిన చోట పాలు పడట్లేదని డబ్బా పాలు రాశారు. రెండు రోజులు వృథా. ఆ రాత్రి వాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు, పాదాలు చల్లబడిపోయాయి. ఖమ్మం నుంచి హైదరాబాద్‌ పరుగెత్తాం. సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ రెండూ కలిసి కనిపించగానే అక్కడి డాక్టర్ సెలైన్, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. తెల్లారేసరికి కళ్లు తెరిచి పాల కోసం వెతుక్కున్నాడు. ఆడపిల్లలకైతే చాలాసార్లు పుట్టగానే జననాంగాల్లో తేడా కనిపించి అనుమానం వస్తుంది. మగపిల్లలు పైకి మామూలుగానే ఉంటారు, అందుకే ప్రాణం మీదికి వచ్చేదాకా తెలియదు.

మీ అత్తగారికి ఇలా చెప్పండి: మనందరి ఒంట్లో తయారయ్యే కార్టిసాల్‌ అనే హార్మోన్ వీడి ఒంట్లో సరిపడా తయారవదు. తక్కువైనదే బయటి నుంచి ఇస్తున్నాం. అవును, జీవితాంతం.

పసివాడికి హైడ్రోకార్టిసోన్ మాత్రలో పదో వంతు కావాలి. నీళ్లలో కలిపితే పొడి అడుగుకి చేరి ఒక పూట తక్కువ, ఒక పూట ఎక్కువ పడుతుంది. మేం డాక్టర్ చెప్పిన లెక్కకి షాపులో పొట్లాలు కట్టించుకుని రోజుకు మూడు పూటలా వేశాం. దాంతోపాటు ఒంట్లో ఉప్పు నిలిపే మందు ఫ్లూడ్రోకార్టిసోన్, పాలల్లో కొలిచిన ఉప్పు. "పసిబిడ్డకి ఉప్పేంటే" అని మా అమ్మ ఏడ్చింది. ఇప్పుడు వాడికి ఆరేళ్లు. ఒక్కోసారి ఆవకాయ జాడీ మూత తీసి అంచున ఉప్పు నాకుతూ దొరుకుతాడు. అలా చూసినప్పుడల్లా ఒంట్లో ఉప్పు తగ్గిందేమోనని డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.

అసలు భయం జ్వరం, వాంతులతోనే. జ్వరమొస్తే డోసు రెండింతలో మూడింతలో చెయ్యాలి, ఎంతన్నది మీ డాక్టర్ చెబుతారు. మాత్ర కక్కేస్తే మళ్లీ వెయ్యాలి. అదీ కక్కితే తొడకి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చి, అప్పుడు ఆస్పత్రికి బయల్దేరాలి. మూడేళ్ల లోపు 25 మిల్లీగ్రాములని మాకు చెప్పారు. నేను బత్తాయి మీద సూది గుచ్చి నేర్చుకున్నాను. ఇప్పటికి రెండుసార్లు వాడికి ఇచ్చాను.

మాది మేనరికం, మాటలు పడ్డాను. మీరు పడకండి. అమ్మానాన్నలిద్దరిలో చెరో దెబ్బతిన్న జన్యువు ఉంటే బయటి సంబంధంలోనూ వస్తుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది కాబట్టి రెండో బిడ్డను అనుకునేముందే డాక్టర్‌తో మాట్లాడండి.

డిశ్చార్జ్ అయ్యేలోపే ఇంజెక్షన్ డోసు కాగితం మీద రాయించుకోండి. మీ వారికీ, అత్తగారికీ కూడా నర్సు చేత నేర్పించమనండి.