పొద్దున్నే కాలు కింద పెట్టగానే మడమలో పోటు... ఎముక పెరిగిందంటున్నారు, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 46. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చీరల షోరూమ్‌లో సేల్స్‌లో పనిచేస్తున్నాను. రోజూ పది గంటలు నిలబడే ఉండాలి, లోపల చెప్పులు వేసుకోనివ్వరు, నేలంతా టైల్స్. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఆషాఢం సేల్ అప్పటి నుంచి కుడి మడమలో నొప్పి. పొద్దున్నే మంచం దిగి అడుగేస్తే మేకు గుచ్చినట్టుంటుంది. కాసేపు నడిస్తే తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. రాత్రిళ్లు రెండు అరికాళ్లూ మంటలు. ఎక్స్‌రే తీసి మడమ ఎముక పెరిగిందన్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ల రోజూ వేసుకుంటున్నాను. మా అత్తగారేమో ఇటుక వేడిచేసి, జిల్లేడు ఆకు వేసి కాపడం పెట్టమంటున్నారు. ఆపరేషన్ చేయించుకోవాలా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ఇటుకను పక్కన పెట్టించండి. అత్తగారి మాట కాదనడం కష్టమే. డాక్టర్ వద్దన్నాడని నా మీద పెట్టేయండి. ఆ కాపడం కొందరికి హాయిగానే ఉంటుంది కానీ, షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. అరికాలికి స్పర్శ తగ్గితే చర్మం కాలుతున్నా తెలియదు. ఆ మధ్య ఒకాయన ఓపీకి వచ్చి, ‘మడమ నొప్పి పర్లేదు డాక్టర్ గారూ, సాక్సుకే ఏదో అంటుకుంటోంది’ అన్నారు. విప్పి చూస్తే మడమ కింద పది రూపాయల బిళ్లంత బొబ్బ, పగిలి రసి కారుతోంది. ఎప్పుడు కాలిందో ఆయనకే తెలియదు. అది మానడానికి మూడు నెలలు పట్టింది.

మీరు రాసినదాంట్లో రెండు సమస్యలున్నాయి, వాటిని ఒకే గాటన కట్టకూడదు. పొద్దుటి పోటు ఒకటి, రాత్రి మంట ఇంకొకటి.

పొద్దుటి పోటు లక్షణాలు చూస్తే ప్లాంటార్ ఫేషియైటిస్ అనిపిస్తోంది. మడమ ఎముక నుంచి కాలి వేళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీలాంటి పొర ఉంటుంది. పాదం వంపు కుంగిపోకుండా పట్టి ఉంచేది అదే. గంటల తరబడి గట్టి నేల మీద నిలబడితే, ఒంటి బరువు పెరిగితే, పిక్కలు బిగుసుకుపోతే అది మడమకు అతుక్కునే చోట దెబ్బతింటుంది. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండటంతో పట్టీ బిగుసుకుంటుంది. లేవగానే బరువంతా దాని మీద పడి ఒక్కసారిగా సాగుతుంది, అందుకే మొదటి అడుగుకే ప్రాణం లాగేస్తుంది. కూర్చుని ఒక చేత్తో వేళ్లను పైకి వంచి, రెండో చేతి బొటనవేలితో మడమ ముందు భాగంలో లోపలి వైపు నొక్కి చూడండి. సరిగ్గా అక్కడే కలుక్కుమంటే దాదాపుగా ఇదే.

ఎక్స్‌రేలో కనిపించిన ఎముక గురించి టెన్షన్ వద్దు. నొప్పి ఊసే లేనివాళ్లలోనూ అలాంటి ముల్లు చాలామందికి ఉంటుంది. మీ నొప్పి పూర్తిగా పోయాక మళ్లీ ఎక్స్‌రే తీసినా అది అక్కడే కనిపిస్తుంది. దాన్ని చెక్కించుకోవడానికి ఆపరేషన్ అక్కర్లేదు. ఈ జబ్బు పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి కత్తి పెట్టకుండానే తగ్గుతుంది, కాకపోతే ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఓపిక పట్టాలి.

మందుకన్నా పనిచేసేది సాగదీత. మంచం దిగకముందే కుడి కాలిని ఎడమ మోకాలి మీద వేసుకుని, వేళ్లను చేత్తో ముంగాలి వైపు లాగి పట్టుకోండి. అరికాల్లో పట్టీ తీగలా బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. పది అంకెలు లెక్కపెట్టి వదలాలి, ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. తర్వాత గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలిని వెనక్కి పెట్టి, మడమ నేల నుంచి లేవకుండా ముందుకు వంగితే పిక్క సాగుతుంది. ఒక్కో విడత అర నిమిషం. రెండు రోజులు చేసి గుణం లేదని మానేసేవాళ్లే ఎక్కువ. కనీసం ఎనిమిది వారాలు చేయండి.

ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో తిరగొద్దు. వంటింటి గ్రానైట్, హాల్లో టైల్స్ మీ మడమకు ఏమాత్రం మంచివి కావు. మెత్తటి ప్రత్యేక రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు ఇంటికోసం విడిగా పెట్టుకోండి. షాపులో మాత్రం యజమానితో మాట్లాడాల్సిందే: బయట తొడగని, లోపలికి మాత్రమే వాడే చెప్పులు ఒక జత, గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చునే వీలు. అడగడానికి మొహమాటపడకండి. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టమే చేశాయి. కావాలంటే డాక్టర్ చీటీ రాయించుకుని చూపించండి.

ఇక రాత్రి మంటలు. నాకు మడమకన్నా వీటి మీదే ఎక్కువ అనుమానం. షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం ఇలాగే మొదలవుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గి కూడా మంటలు, తిమ్మిర్లు రావచ్చు. కాబట్టి మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో పాటు బి12 కూడా చేయించండి. ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష ఉంది. మీరు కళ్లు మూసుకుని పడుకోండి. ఇంట్లోవాళ్లు రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలి కొనలను చూపుడు వేలితో ఊరికే అలా తాకాలి, నొక్కకూడదు, గిల్లకూడదు. తాకినప్పుడల్లా మీరు చెప్పాలి. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే. అప్పుడు పాదాన్ని వేడినీళ్లలోనే కాదు, ఐస్ మీద కూడా పెట్టకూడదు. స్పర్శ బాగుంటే గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి అరికాలి కింద పది నిమిషాలు దొర్లించుకోవచ్చు.

రోజూ వేసుకుంటున్న నొప్పి బిళ్ల ఆపండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు చేటు. ఇన్నాళ్లుగా వేసుకుంటున్నారు కాబట్టి కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు కూడా చేయించుకోండి. మడమలో స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇప్పుడే వద్దు. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది గానీ, దాంతో షుగర్ పెరుగుతుంది, పదేపదే పొడిపించుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం కూడా ఉంది.

కొద్ది దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే రక్తప్రసరణ పరీక్ష చేయించుకోవాలి. ఒక్క పాదమే ఎర్రగా, వేడిగా వాచినా, పుండు పడినా, ఒక పిక్క ఉన్నట్టుండి ఉబ్బినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, నొప్పి లేకపోయినా సరే.

ఇవేవీ లేకపోయినా ఈ నెలలోనే ఒకసారి పాదాలు చూపించుకోండి. వెళ్లేటప్పుడు రోజూ వాడే చెప్పులే వేసుకెళ్లండి. డాక్టర్ దగ్గరికని బీరువాలోంచి కొత్త జత తీసి తొడుక్కొస్తారు చాలామంది. మాకు కావాల్సింది ఆ అరిగిన జతే. సోల్ ఎటువైపు అరిగిందో చూస్తే మీరు పాదం ఎలా మోపుతున్నారో సగం తెలిసిపోతుంది.