కిరాణా సూపర్‌బజారు చేతులు మారితే...

ప్రశ్న: మా ఊళ్లో సూపర్‌బజారు చేతులు మారింది. విడిగా తూచే కందిపప్పు పోయి అన్నీ ప్యాకెట్లే. బియ్యం బస్తా 25 కిలోల నుంచి 26 అయింది. నష్టపోతున్నామా?
– పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: బస్తా సంగతి పన్నుది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసిన బియ్యం ప్యాకింగులపై 5 శాతం జీఎస్టీ ఉంది. ఆపై బరువుకు లేదు. అందుకే ఆ అదనపు కిలో. కిలో ధర తగ్గిందో లేదో మాత్రం మీరే లెక్క కట్టుకోండి.

అసలు జాగ్రత్త పప్పు దగ్గర కావాలి. కిలో 150 రూపాయలనుకోండి. పక్కనే అలాంటి ప్యాకెట్టే 144కి కనిపిస్తుంది, తిప్పి చూస్తే నికర బరువు 900 గ్రాములు. అంటే కిలో 160 పడ్డట్టు! ఇలాంటి ప్యాకెట్టుపై ఎమ్మార్పీతో పాటు గ్రాము ధర కూడా అచ్చు వేయాలి: ఇక్కడ 16 పైసలు. చిన్న అక్షరాలైనా అదే చూడండి. ఆఫరు బోర్డులను నమ్మొద్దు.

విడి సరుకు మళ్లీ పెట్టమని మేనేజరును అడగండి, అడగడం న్యాయమే. తూచేటప్పుడు ఖాళీ సంచి బరువు తీసేసి కాటా సున్నా చూపాలి. ఎమ్మార్పీ దాటి బిల్లు వేస్తే ప్యాకెట్టు, బిల్లు ఫొటో తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.